ఊబిలో ప్రతివాడును దిగవలెనా?

మన సంఘములలో ఒక అభిప్రాయము లోతుగా వేరుపారియున్నది. మనుష్యుడు తాను స్వయముగా పడి, దెబ్బతిని, ఏడ్చి, లేచి తెలిసికొంటేనే గాని ఆత్మయందు ఎదుగడనునది ఆ అభిప్రాయము. దీనిని ప్రసంగములలో వినుచున్నాము. ప్రార్థన కూటములలో వినుచున్నాము. రోగి మంచముచెంత కూర్చుండి ఓదార్చుచున్నామనుకొనువారి నోటను వినుచున్నాము. దీనికి సాక్షిగా బైబిలు తరువాత తరచుగా పిలువబడు పుస్తకము జాన్ బన్యన్ వ్రాసిన "యాత్రికుని ప్రయాణము". "క్రైస్తవుడు ఊబిలో పడలేదా? అపొల్లుయోనుతో పోరాడలేదా? రాక్షసుని చెరలో నలుగలేదా? అవన్నియు దాటనిదే పరమపట్టణము చేరెనా?" అని అడుగుదురు. ఈ గ్రంథమును ఈ సంవత్సరము మొదటినుండి తుదివరకు, రెండవ భాగముతోకూడ, నిదానముగా మరల చదివితిని. చదివినకొలది నాకు తోచినదేమనగా, ఈ సాక్షిని పిలిచినవారు అతని వాఙ్మూలమును సగమే విన్నారు.

గ్రంథకర్తను గూర్చి పాఠకులకు చాలవరకు తెలిసియే యుండును. బన్యన్ 1628లో ఇంగ్లాండు దేశమున బెడ్‌ఫర్డు పట్టణము దగ్గరనున్న ఎల్‌స్టో గ్రామములో జన్మించెను. తండ్రివలెనే ఓటిగిన్నెలకు మాట్లు వేసి బ్రదికినవాడు. ప్రభుత్వ సంఘపు అనుమతి లేకుండ బోధించెనన్న నేరముమీద 1660లో పట్టబడి, 1672 వరకు పండ్రెండేండ్లు చెరలోనుండెను. చెరలోనుండగానే 1666లో తన ఆత్మచరిత్రను ప్రకటించెను. పాపులలో ప్రధానుడైన తనయెడల దేవుని కృప యెట్లు విస్తరించెనో అందులో చెప్పెను. "యాత్రికుని ప్రయాణము" మొదటి భాగము 1678లోను, రెండవ భాగము 1684లోను వెలువడెను. 1688లో ఆయన మృతినొందెను. (యాత్రికుల పేర్లను నేను అర్థమునుబట్టి తెలుగు చేసికొన్నాను. మీ చేతిలోని ప్రతిలో వేరుగా నున్నయెడల సర్దుకొని చదువుకొనుడి.)

ఈ రెండు పుస్తకములను ప్రక్కప్రక్కన పెట్టి చదివినవారికి ఒక సంగతి కనబడును. ఆత్మచరిత్రలో ఉన్నదంతయు బన్యన్ అనుభవమే. క్రీస్తును అమ్మివేయుమని లోపలినుండి పీడించిన శోధన, తాను త్రోసివేయబడితినను భయము, ఒకనాడు వెలుగు మరునాడు చీకటి, ఇవి పుటలకొలది నడచును. అట్టి మనుష్యుడు ఉపమాన కథ వ్రాయబూనినప్పుడు తన దారినే అందరి దారిగా గీసియుండవచ్చును. నాకు జరిగినది మీకును జరుగనిదే మీరు యాత్రికులు కారని చెప్పుటకు అతనికంటె అర్హుడెవడు? అతడట్లు చేయలేదు. తన ఊబిని, తన చీకటిని, తన సందేహములను ఒక్క యాత్రికునికి ఇచ్చి, ఆ ప్రక్కనే వాటిని ఎరుగని మరియొక యాత్రికుని నడిపించెను. ఈ పుస్తకపు గొప్పతనములో సగము ఇక్కడనున్నదని నా తలంపు. విమర్శకులు దీనిని అంతగా పట్టించుకొనకపోవుట నాకు వింతగానున్నది.

ఆ రెండవవాని పేరు నమ్మకస్థుడు. నాశనపురమునుండి క్రైస్తవుని తరువాత బయలుదేరి, అదే ద్వారముగుండ, అదే మార్గమున వచ్చినవాడు. గాఢాంధకారపు లోయ దాటిన తరువాత వీరిద్దరు కలిసికొని, దారిపొడుగున తమకు సంభవించినవాటిని ఒకనికొకడు చెప్పుకొందురు. ఆ సంభాషణ చూడుడి. క్రైస్తవుడు పడిన అధైర్యపు ఊబిలో నమ్మకస్థుడు పడలేదు. ఆ అపాయము లేకుండనే ద్వారము చేరెను. సింహములు నిద్రించుచుండగా దాటిపోయెను. దీనత్వపు లోయలో అతనికి అపొల్లుయోను కనబడనేలేదు. గాఢాంధకారపు లోయలో క్రైస్తవుడు అడుగు ఎక్కడ వేయవలెనో తెలియక తడవుకొనగా, నమ్మకస్థునికి ఆ లోయ దాటువరకు ఎండ కాసెను! అయితే అతనికి శోధనలు లేవా? ఉన్నవి. విలాసిని అను స్త్రీ అతనిని పట్టజూచెను. మొదటి ఆదాము తన యింటికి రమ్మని ఆశచూపెను. మోషే అతనిని నేలకు కొట్టెను. సిగ్గు అనువాడు, భక్తి మగవానికి తగిన పని కాదని వెంటబడి వేధించెను. వీరిలో ఒక్కడును క్రైస్తవునికి ఆ రూపమున ఎదురుపడలేదు. మార్గము ఒక్కటే, సంభవించినవి వేరు. క్రైస్తవుడు విని, నీకు మేలాయెను, నాకట్లు జరుగలేదని మాత్రమే చెప్పును. "అయ్యో, నీవు ఊబి చూడలేదా? అయితే నీ రక్షణ సంగతి మరల ఆలోచించుకొనుము" అని అతడనలేదు. మనమనుచున్నాము.

ఈ కలయికకు ముందు జరిగిన చిన్న సంగతిని చాలమంది నవ్వి దాటిపోవుదురు. నమ్మకస్థుడు ముందు నడచుచుండగా చూచి, క్రైస్తవుడు పరుగెత్తి అతనిని మించిపోయెను. మించిపోయితినని గర్వముతో చిరునవ్వు నవ్వెను. కాళ్లక్రింద చూచుకొనక బోర్లపడెను. తనంతట తాను లేవలేకపోయెను. ఇతడెవడు? అపొల్లుయోనును జయించినవాడు, చీకటిలోయ నిన్ననే దాటినవాడు. ఇంతటి అనుభవశాలిని చేయిపట్టి లేపినదెవడు? ఆ లోయలో ఎండకు నడచివచ్చినవాడు. బన్యన్ దీనిని గూర్చి వ్యాఖ్యానము చేయలేదు. చేయకపోవుటయే మంచిది.

ఇక ఊబి సంగతి. ఊబి దాటనిదే ద్వారము లేదని చెప్పువారు ఆ ఘట్టమును మరల చదువవలెను. అందులో పడినవారు ఇద్దరు. క్రైస్తవునితోకూడ చపలుడను పొరుగువాడును పడెను. ఒకే బురద, ఒకే గడియ. చపలుడు తన యింటివైపు గట్టెక్కి, క్రైస్తవుని తిట్టి వెళ్లిపోయెను. అనుభవము తనంతట తానే మనుష్యుని పెంచునదైతే చపలుడును పెరిగియుండవలెను గదా! క్రైస్తవుని పైకి లాగిన సహాయుడు అడిగిన ప్రశ్నలలో ఒకటి యేమి? మెట్లకొరకు ఎందుకు చూడలేదని. ఆ ఊబి నడుమ రాజు ఆజ్ఞచొప్పున గట్టి మెట్లు వేయబడియున్నవి. భయము తరుముటవలన క్రైస్తవుడు వాటిని చూడలేదు. కాబట్టి ఊబిలో పడుట యాత్రలో విధిగా ఎక్కవలసిన మెట్టు కాదు, మెట్టు తప్పుట. పడినవానిని రాజు విడిచిపెట్టడనుట సువార్త. పడితీరవలెననుట మనము చేర్చుకొన్నది.

ఈ విషయమును బన్యన్ ఇంకను స్పష్టముగా చెప్పినది సందేహ దుర్గపు కథలో. దారి రాళ్లతో కాళ్లు నొవ్వగా, క్రైస్తవుడు ప్రక్కనున్న పచ్చికబయలులోనికి, కంచె దాటుటకు వేసిన మెట్టుమీదుగా దిగెను. తోడివాడైన ఆశావంతునికి భయమే, అయినను పెద్దవాడు చెప్పెనని వెంబడించెను. నిరాశ యను రాక్షసుడు వారిని పట్టి కొట్టులో త్రోసెను. బుధవారము ఉదయమునుండి శనివారము రాత్రివరకు అన్నము లేదు, నీళ్లు లేవు, వెలుగు లేదు. చావుదెబ్బలు తిన్నారు. ప్రాణములు తీసికొనుడని కూడ ఆ రాక్షసుడు సలహా చెప్పెను. శనివారము నడిరేయి మొదలుపెట్టి తెల్లవారుజామువరకు ప్రార్థించిన తరువాత, వాగ్దానము అను తాళపుచెవి తన రొమ్ముననే యున్నదని క్రైస్తవునికి జ్ఞాపకము వచ్చెను. తలుపులు తెరచుకొనెను.

ఆ తాళపుచెవి కొట్టులో దొరకినది కాదు. బుధవారమునాడును అతని రొమ్ముననే యున్నది. నాలుగు దినముల చీకటి దానిని తయారుచేయలేదు. మనవారు సాక్ష్యము చెప్పునప్పుడు "ఆ కష్టమే నాకు దేవుని వాగ్దానమును ఇచ్చెను" అందురు. బన్యన్ లెక్క వేరు. వాగ్దానము ముందే యుండెను, కష్టములో దానిని మరచియుండిరి. మరచినవానికి జ్ఞాపకము చేయుట కృపయే. అయితే మరపును గొప్పచేయకూడదు.

బయటపడినవారు చేసిన మొదటి పని యేమి? ఆ కంచె మెట్టుచెంత ఒక స్తంభము నిలిపి, ఈ మెట్టు దాటినవారు రాక్షసుని కోటకు పోవుదురని దానిపై చెక్కిరి. తరువాత వచ్చిన అనేకులు అది చదివి తప్పించుకొనిరని బన్యన్ చెప్పును. ఈ చిన్న వాక్యముమీద నా వాదమంతయు నిలుపుటకు నేను సిద్ధము. తప్పించుకొన్న ఆ అనేకులు తక్కువ యాత్రికులా? కొట్టులో నాలుగు దినములు గడపనందున వారి భక్తి పలుచనిదా? వారు చేసినదెల్ల చదివి నమ్ముట, నమ్మి లోబడుట. ఒకడు చేతులు కాల్చుకొన్నందున పదిమంది ముందుగానే ఆకులు పట్టుకొనిరి. అపొస్తలుడైన పౌలు కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక 10వ అధ్యాయములో ఇశ్రాయేలీయుల అరణ్యయాత్రను చెప్పి, అవి మనకు బుద్ధి కలుగుటకై వ్రాయబడెననుట ఇదే రీతిగానున్నది. అరణ్యములో కూలినవారి శవములు మనము నాటుకొనవలసిన స్తంభములు. మనమును కూలితేనే గాని తెలియదన్నయెడల ఆ వ్రాత యెందుకు?

"అనుభవము" అను మన మాటనే కొంచెము ఆలోచించుడి. కష్టమును అనుభవింతుము, సుఖమును అనుభవింతుము. పడినదియు అనుభవమే, పొందినదియు అనుభవమే. భూమి దస్తావేజులలో "స్వాధీనానుభవము" అని వ్రాసికొందురు. తాత అడవి నరికి, మోళ్లు పెరికి, పాముకాటులకు ఓర్చి మాగాణి చేసెను. మనుమడు దానిని దున్ని పండించుకొనుచున్నాడు. మనుమడు ఆ అడవి చూడలేదు గనుక ఆ పొలము అతని అనుభవములో లేదని ఏ కోర్టైనను తీర్పు చెప్పునా? బీడుపెట్టినయెడల మాత్రము అది అతని తప్పు. నేడు "అనుభవము" అని వేదికలమీద చెప్పబడుచున్నది చాలవరకు అడవి సంగతి. పంట సంగతి అడుగువారు తక్కువ.

దీనికి ఎదురుగా ఒక గట్టి ఆక్షేపణ ఉన్నది. దానిని దాచిపెట్టి ముందుకు పోవుట న్యాయము కాదు. వాచాలుడను పాత్రను బన్యన్ ఎందుకు సృష్టించెను? అన్ని సిద్ధాంతములు నోటికి వచ్చినవాడు, ఏ విషయమైనను మాటలాడగలవాడు, అనుభవము మాత్రము లేనివాడు. అనుభవమును గూర్చి అడుగగానే అతడు ఎఱ్ఱబారెను. కాబట్టి అనుభవము కావలెనని బన్యనే చెప్పుచున్నాడు గదా అందురు. నిజమే, చెప్పుచున్నాడు. అయితే అడిగినదెవరు, అడిగినదేమి? అడిగినవాడు నమ్మకస్థుడు, ఊబి నెరుగనివాడు. అతడు వాచాలుని "నీవు ఎన్ని చీకటిలోయలు దాటితివి?" అని ప్రశ్నింపలేదు. నీ నడత నీ మాటకు సాక్ష్యమిచ్చుచున్నదా అని అడిగెను. వాచాలుని యింట ప్రార్థన లేదు, పశ్చాత్తాపపు గుర్తు లేదు. బయటివారికి పరిశుద్ధుడు, ఇంటివారికి పీడ. భక్తికి ప్రాణము ఆచరించుటయని క్రైస్తవుడు అక్కడ చెప్పును. బన్యన్ కోరు అనుభవము ఇది. విన్న సత్యమునకు ఈ దినమున ఈ యింటిలో లోబడినప్పుడు కలుగు రుచి. అందుకు గొప్ప పతనములు అవసరము లేదు. వంటయింటిలోను, పొలములోను, బడిలోను కలుగును. చెప్పవలెనంటే, నేటి వాచాలుడు సిద్ధాంతములు చెప్పుట మానివేసెను. ఇప్పుడతడు అనుభవములనే చెప్పుచున్నాడు, అదియు సెల్‌ఫోనులో, ప్రతివారము క్రొత్తది.

అజ్ఞానిని గూర్చియు ఇట్లే అడుగుదురు. అతడు కష్టములేక వచ్చి, నదిని పడవమీద సుఖముగా దాటి, తుదకు ద్వారమునొద్ద పట్టబడి త్రోసివేయబడెను గదా? మొదటి భాగము ఆ దృశ్యముతోనే ముగియును. దానిని చదివినప్పుడెల్ల నాకు ఒడలు చల్లబడును. కొంచెము కఠినముగానే ముగించెనని నా అభిప్రాయము. అయినను అతడు కష్టపడనందున త్రోసివేయబడలేదు. ఇరుకు ద్వారమున రాక అడ్డదారిని వచ్చెను. ముద్రగల పత్రము చూపుమనగా అతనియొద్ద లేదు. ద్వారము వేరు, ఊబి వేరు. ద్వారమును ప్రతివాడును తన చేతితోనే తట్టవలెను. ఒకని తట్టుడు మరియొకనికి చెల్లదు.

నేనింతగా ఎందుకు చెప్పుచున్నానో పాఠకులకు చెప్పవలెను. కొన్ని యేండ్లక్రిందట ఒక సాక్ష్యకూటమైన తరువాత పందొమ్మిదేండ్ల యువకుడొకడు నాయొద్దకు వచ్చెను. భక్తిగల యింట పుట్టి, ఆదివారపు బడిలో పెరిగి, బుద్ధి తెలిసినది మొదలు ప్రార్థించుచున్నవాడు. "అయ్యగారూ, నాకు సాక్ష్యమే లేదండి. నేను త్రాగలేదు, తిరుగలేదు, చావుబ్రదుకులమీద పడలేదు. ఏమని చెప్పను? నేను ఒకసారి పాడై రావలెనా?" అని అడిగెను. నవ్వుటకు అడిగిన ప్రశ్న కాదది. ఆ రాత్రి వేదికమీద ముగ్గురు చెప్పిన సాక్ష్యములలో పాపమునకు ముప్పాతిక గంట, క్రీస్తునకు అయిదు నిమిషములు దొరికెను. వినుచున్న పిల్లవానికి మిగిలినదేమి? దూరదేశమునకు పోయి రానివానికి క్రొవ్విన దూడ లేదని అతనికి తోచెను. తండ్రి పెద్దకుమారునితో, నావన్నియు నీవేయని చెప్పిన భావమును ఎవరును చెప్పలేదు.

దమస్కు మార్గమున వెలుగు చూచి క్రిందపడిన పౌలు, తిమోతిని అక్కడికి పంపి పడుమనలేదు. అతని అవ్వయైన లోయిలోను, తల్లియైన యునీకేలోను ముందుగా నుండిన విశ్వాసమును జ్ఞాపకము చేసెను. బాల్యమునుండి లేఖనములు ఎరిగియున్నావని మెచ్చుకొనెను. రెండు ద్వారములా? కాదు, ఒకటే. ఒకడు పడి లోపలికి వచ్చెను, ఒకడు తల్లి చేయి పట్టుకొని వచ్చెను. ఇంతకంటె పెద్ద సంగతి హెబ్రీయులకు వ్రాయబడిన పత్రికలో నున్నది. మన ప్రధానయాజకుడు మనవలెనే శోధింపబడెను గాని పాపము లేనివాడు. శ్రమలవలన విధేయత నేర్చుకొనెను గాని పాపమువలన ఏదియు నేర్చుకొనలేదు. పాపిని తెలిసికొనుటకు పాపము చేసి చూడవలెనన్నయెడల, మనకు రక్షకుడు లేడు.

ఆ యువకునికి నేను "యాత్రికుని ప్రయాణము" రెండవ భాగమును ఇచ్చితిని. ఈ భాగమును మన సంఘములలో చదువువారు తక్కువ. వేదాంతపాఠశాలలో మాకును మొదటి భాగమునే చెప్పిరి. దానికి కారణము లేకపోలేదు. ఇందులో కథ మెల్లగా నడచును. పిల్లలకు ప్రశ్నోత్తరములు, పొడుపుకథలు, విందులు, వివాహములు ఒకదానిమీద నొకటి వచ్చును. గాయు ఇంటి విందులో నేను రెండుసారులు పుస్తకము మూసితిని. మొదటి భాగమున ప్రతి పుటలోను నున్న ప్రాణభయము ఇందులో లేదు. అయినను మన ప్రశ్నకు సమాధానము ఇక్కడనే యున్నది. ఏలయనగా ఇది రెండవ తరము కథ. క్రైస్తవుని భార్య క్రిస్తియానా, నలుగురు కుమారులు, కరుణ యను పొరుగింటి పిల్ల బయలుదేరుదురు. భర్త మునిగిన ఊబిచెంతకు వచ్చి క్రిస్తియానా నిలిచిపోవును. కరుణ జాగ్రత్తగా పోదము రమ్మనును. మెట్లు చూచుకొనుచు, తూలుచు, దాటుదురు. భర్త పడినది వీరికి పాఠమాయెను.

అక్కడ ఒక మాట చెప్పబడినది, అది మన వేదికలకు తగిలించి వ్రాసినట్లున్నది. ఈ ఊబి పూర్వముకంటె ఇప్పుడు చెడ్డదాయెనట. రాజుగారి పనివారమని చెప్పుకొనుచు కొందరు దారి బాగుచేయుటకు రాళ్లకు బదులుగా మట్టియు పెంటయు తెచ్చి పోయుచున్నారట. ముప్పాతిక గంట పాపవర్ణనకు ఇంతకంటె తగిన పేరు నాకు దొరకలేదు.

కరుణను చూడుడి. క్రిస్తియానాకు రాజునుండి ఉత్తరము వచ్చెను. కరుణకు ఏదియు రాలేదు. దర్శనము లేదు, కల లేదు, స్వరము లేదు. స్నేహితురాలిమీది ప్రేమచేత వెంబడించి వచ్చిన పిల్ల. ద్వారము లోపలికి అందరు వెళ్లిన తరువాత తాను బయట నిలిచి, నన్ను పిలువలేదే యని వణకుచు, తానే గట్టిగా తట్టి, సొమ్మసిల్లిపోవును. ద్వారపాలకుడు ఆమె చేయి పట్టి లేపి లోపలికి తీసికొనును. అర్థము చెప్పువాని యింట ఆమెను రూతుతో పోల్చుదురు. దీనత్వపు లోయలో క్రైస్తవుడు రక్తము కార్చిన చోటును వారికి చూపుదురు. కరుణయైతే ఆ లోయ తన మనస్సునకు ఎంతో హాయిగానున్నదనును. చిరుగుబట్టలు కట్టిన గొఱ్ఱెలకాపరి పిల్లవాడొకడు అక్కడ పాడుకొనుచుండును. అతడు అపొల్లుయోనును చూచెనని బన్యన్ చెప్పలేదు. ఆ లోయలోనే బ్రదుకుచున్నాడు, అంతే.

తెలుగు సంఘములకు ఇది దూరపు కథ కాదు. 1876 మొదలు 1878 వరకు వచ్చిన ధాత కరువులో ఒంగోలు ప్రాంతపు జనులు బకింగ్‌హాము కాలువ త్రవ్వకములో మట్టిమోసి ప్రాణములు నిలుపుకొనిరి. తిండికొరకు చేరుదురేమోయని క్లౌ దొర ఆ కాలమున బాప్తిస్మములు ఆపివేసెను. తరువాత 1878 జూలై 3వ తేదీని గుండ్లకమ్మ నదిలో ఒక్కదినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. వారి మునిమనుమలు నేడు మన బల్లలమీద కూర్చున్నారు. ఆ ఆకలి వీరికి తెలియదు, తెలియకుండునట్లే వారు ప్రార్థించియుందురు. ఆ కరువును గూర్చి వీరికి చెప్పుడి, తప్పక చెప్పుడి. అట్టిది రానందున మీ విశ్వాసము పాలుత్రాగు విశ్వాసమని మాత్రము చెప్పకుడి.

అయితే శ్రమకు విలువ లేదా? ఉన్నది. నేను దానిని తగ్గించుట లేదు. శ్రమనుండి ఓర్పు, ఓర్పునుండి నిరీక్షణ పుట్టునని రోమీయుల పత్రిక 5వ అధ్యాయము చెప్పుచున్నది. అయితే దానికి రెండు వచనములు ముందుగా, విశ్వాసమువలన దేవునితో సమాధానము పొందిన సంగతి యున్నది. వేరు ముందు, గాలి తరువాత. వేరులేని చెట్టును గాలి పెంచదు, పెరికివేయును. బిడ్డ చనిపోయిన యింటికి పోయి, "ఇది మీ ఆత్మీయాభివృద్ధికొరకు వచ్చినది" అని చెప్పువారు యోబు స్నేహితుల బంధువులు. యోబు స్నేహితులు కనీసము ఏడు దినములు నోరు మూసికొని కూర్చుండిరి. పౌలు కొరింథీయులకు రెండవ పత్రికలో తాను పొందిన ఆదరణను ఇతరులను ఆదరించుటకై యని చెప్పును. అది శ్రమపడినవాడు తన్నుగూర్చి చెప్పుకొనదగిన మాట. చూడవచ్చినవాడు అతనికి చెప్పదగిన మాట కాదు.

బన్యన్ చెరసాలలో ఎంత శ్రమపడెనో ఆత్మచరిత్రలో చూడవచ్చును. భార్యను, ముఖ్యముగా గ్రుడ్డిదియైన తన చిన్నబిడ్డను, విడిచియుండుట ఎముకలనుండి మాంసమును పెరికినట్లుండెనని చెప్పుకొనెను. దానిని అతడు అభివృద్ధిసాధనమని పొగడలేదు. అతనికి నిజముగా ఆదరణ కలిగించినదేమో కూడ అదే పుస్తకములో నున్నది. శోధనలలో నలుగుచున్నప్పుడు, గలతీయుల పత్రికకు లూథరు వ్రాసిన వ్యాఖ్యానపు పాతప్రతి యొకటి అతనికి దొరకెను. త్రిప్పితే పుటలు ఊడిపోవునంత పాతది. కొంచెము చదువగానే తన హృదయములోనుండియే అది వ్రాయబడినట్లు తోచెను. గాయపడిన మనస్సునకు బైబిలు తప్ప తాను చూచిన పుస్తకములన్నిటికంటె అదియే మేలని చెప్పెను. ఒక శతాబ్దము ముందు మరియొక దేశమున ఒకడు పడిన పాటు ఇతనికి మందాయెను. అయితే నిరాశలో చనిపోయిన ఫ్రాన్సిస్ స్పైరా యనువాని కథ చదివినప్పుడు పుండుమీద ఉప్పు రాచినట్లాయెననియు చెప్పెను. అనుభవము చెప్పు విధములోనే మందును విషమును ఉన్నవి. ఎక్కడ బయటపడితినో చెప్పినది మందు, ఎంత లోతున పడితినో మాత్రమే చెప్పినది విషము.

భయస్థుడను ముసలియాత్రికుని సంగతి రెండవ భాగములో ధీరహృదయుడు చెప్పును. ఆ మనుష్యుడు ఊబిచెంత నెలకు పైగా ఏడ్చుచు పడియుండెను. కష్టపర్వతమునకు గాని, సింహములకు గాని అతడు జంకలేదు. తాను అంగీకరింపబడుదునో లేదోయనునదే అతని భయము. దీనత్వపు లోయలో నేలను కౌగిలించుకొని పువ్వులను ముద్దుపెట్టుకొనెను. గాఢాంధకారపు లోయ అతడు దాటునప్పుడు ఎన్నడులేనంత నెమ్మదిగా నుండెను. నదిచెంతకు వచ్చునప్పటికి, అంత తక్కువ నీళ్లు ఆ నదిలో తానెన్నడును చూడలేదని ధీరహృదయుడనును. పాదములకంటె కొంచెము ఎక్కువగా తడిసి దాటిపోయెను. ఎవనికి ఎంత నీరో రాజు ఎరుగును. కొలత మన చేతిలో లేదు.

సందేహ దుర్గమునకు ఈ భాగములో ఏమి జరిగెనో అనేకులు చదువలేదు. క్రిస్తియానా కుమారులు పెద్దవారై, ధీరహృదయునితో కూడ వెళ్లి, నిరాశ రాక్షసుని చంపి, కోటను ఏడు దినములలో పడగొట్టుదురు. లోపల చావునకు సిద్ధముగానున్న కృంగినవాడను ముసలివాడును, బహుభీత యను అతని కుమార్తెయు దొరకుదురు. తండ్రి ఏ కొట్టులో పడియుండెనో తెలిసిన కుమారులు ఆ కొట్టులో ఒక్క దినమైనను ఉండలేదు. బయటికి వచ్చిన తరువాత క్రిస్తియానా వీణ వాయించును, కరుణ తంత్రివాద్యము పట్టుకొనును. చంకకఱ్ఱలతో నడచు కుంటువాడు బహుభీత చేయి పట్టుకొని దారిలో నాట్యమాడును, ఒక కఱ్ఱ చేతనుంచుకొని. కృంగినవానికి నాట్యము అక్కరలేదు, ఆకలిగానున్నది. క్రిస్తియానా అతనికి ముందు కొంచెము త్రాగనిచ్చి, పిమ్మట తినుటకు సిద్ధపరచును. ధీరహృదయుడు రాక్షసుని తలను తెచ్చి దారిప్రక్కన, క్రైస్తవుడు నిలిపిన ఆ స్తంభమున కెదురుగా పాతును.